శివారు లెక్క

2025 ఆగస్టు చివర అమెరికా మన సరుకుల మీద సుంకాన్ని 50 శాతానికి పెంచింది. వాషింగ్టన్‌లో సంతకం తడి ఆరకముందే భీమవరంలో రొయ్య ధర జారింది. కొనేవాళ్లు చెరువు గట్టు ఎక్కడం తగ్గించారు. సీడు వేద్దామనుకున్నవాళ్లు ఆగిపోయారు. దేశంలో పండే రొయ్యలో సింహభాగం ఆంధ్రప్రదేశ్‌ది, అందులో గోదావరి జిల్లాలది పెద్ద వాటా, ఆ సరుకుకు అన్నిటికంటే పెద్ద బజారు అమెరికా. కాబట్టి ఆ వారాల్లో ఎవరిని కదిపినా కిలోకు ఎంత పోయింది, కంటెయినర్‌కు ఎంత పోయింది అన్న లెక్కే. చెరువు కింద నేల, పక్క పొలం, ఊరి మంచినీళ్ల చెరువు ఈ ముప్పై ఏళ్లలో ఎంత పోగొట్టుకున్నాయన్న పద్దు మాత్రం ఆ లెక్కల్లోకి రాలేదు. ధర బాగున్న రోజుల్లోనూ అది రాలేదు.

పర్యావరణానికీ ప్రపంచాభివృద్ధికీ ఉన్న సంబంధం గురించి యాభై ఏళ్లకు పైగా సాగుతున్న చర్చంతా ఇలా రాయకుండా వదిలేసిన పద్దుల గురించే. 1972లో స్టాక్‌హోంలో ఐక్యరాజ్యసమితి తొలి పర్యావరణ సదస్సు జరిగితే, ఆతిథ్యమిచ్చిన స్వీడన్ ప్రధాని కాక దానికి హాజరైన ప్రభుత్వాధినేత ఇందిరాగాంధీ ఒక్కరే. పేదరికాన్ని పక్కనపెట్టి కాలుష్యం గురించి మాట్లాడటం కుదరదని ఆమె అక్కడ గట్టిగానే చెప్పారు. అదే ఏడాది వచ్చిన 'లిమిట్స్ టు గ్రోత్' నివేదిక, భూమి మోయగలిగిన ఎదుగుదలకు ఒక హద్దుందని హెచ్చరించింది. ఆ రెండు వాదాలకూ రాజీ కుదిర్చే పని 1987లో బ్రంట్‌లాండ్ కమిషన్ నెత్తికెత్తుకుని, సుస్థిర అభివృద్ధి అన్న మాటను ఊరూరా పాకించింది. 1990ల మొదట్లో గ్రాస్‌మన్, క్రూగర్ అనే ఇద్దరు ఆర్థికవేత్తలు కొన్ని రకాల కాలుష్యం గణాంకాలు తిరగేసి, ఆదాయం పెరిగేకొద్దీ మురికి మొదట పెరిగి, ఒక స్థాయి దాటాక తగ్గుతుందన్నారు. దాన్ని పట్టుకుని 'ముందు సంపాదించుకుందాం, కడుక్కోవడం తర్వాత చూద్దాం' అనే ధోరణి ప్రభుత్వాలకు భలే నచ్చింది. ఇక 1991 డిసెంబరులో, అప్పుడు ప్రపంచ బ్యాంకు ముఖ్య ఆర్థికవేత్తగా ఉన్న లారెన్స్ సమ్మర్స్ సంతకంతో ఒక లోపలి పత్రం తిరిగింది. మనుషుల సంపాదన తక్కువగా ఉన్నచోట వాళ్ల ఆరోగ్యం చెడితే జరిగే నష్టమూ తక్కువే కనుక, మురికి పరిశ్రమలు పేద దేశాలకు తరలడమే ఆర్థికంగా సబబని దాని తాత్పర్యం. అది బయటికి పొక్కి గొడవయ్యాక, వ్యంగ్యంగా రాసిందని సర్దిచెప్పారు.

వ్యంగ్యమో కాదో గానీ, ఈ వాదాలన్నిటిలో లోకం నిజంగా నడుస్తున్న తీరుకు దగ్గరగా ఉన్నది ఆ పత్రమేనని నా అభిప్రాయం. మిగతావన్నీ ఆర్జించేదీ నష్టపోయేదీ ఒకే దేశం, ఒకే సమాజం అన్నట్టు మాట్లాడతాయి. ఆ పత్రం మాత్రం నష్టానికి ఒక చిరునామా ఉంటుందని, దాన్ని ఎంచుకోవచ్చని ఒప్పుకుంది. గోదావరి డెల్టాలో ఆ చిరునామా కాలువ మీద ఉంటుంది. ఎగువ ఆయకట్టుకు నీళ్లు ముందు అందుతాయి, శివారుకు చివర. మురుగూ ఉప్పూ మాత్రం శివారు మీదే ముందు పడతాయి. ధవళేశ్వరం నుంచి అంతర్వేది దాకా ఈ సూత్రానికి మినహాయింపులు వెతికితే దొరకడం కష్టం.

అసలు ఈ డెల్టాయే అభివృద్ధి కోసం ప్రకృతిని మార్చగా తయారైన నేల. ఆ సంగతి దాటేసి 'పచ్చని కోనసీమ' అంటూ నిట్టూర్చేవాళ్లతో నాకు పేచీ ఉంది. 1832-33 నాటి నందన కరువు, 1839లో కోరంగిని ముంచిన తుపాను, వలసలు, అన్నీ కలిసి 1821లో 7.38 లక్షలున్న జిల్లా జనాభాను 1841 నాటికి 5.61 లక్షలకు దించాయని ఈస్టిండియా కంపెనీ వారి లెక్కలే చెప్పాయి. అప్పటికే ఇంజరం, నరసాపురం దగ్గరి మాధవాయిపాలెం నేతగాళ్ల బతుకు లాంకషైర్ మిల్లుల దెబ్బకు చితికింది. ఒకప్పుడు ఐరోపా దుకాణాల్లో మడపొల్లం పేరుతో అమ్ముడుపోయిన బట్ట ఈ ఊళ్లదే. అంటే ప్రపంచ మార్కెట్ మనల్ని ముంచడం రొయ్యలతో మొదలు కాలేదు. ఆ దశలో ఆర్థర్ కాటన్ 1847లో మొదలుపెట్టి 1852లో పూర్తిచేసిన ధవళేశ్వరం ఆనకట్ట దాదాపు పది లక్షల ఎకరాలకు నీళ్లు మళ్లించింది. కంపెనీ లెక్క శిస్తు లెక్కే, కాటన్ మనసులో ఏమున్నా. అయినా ఆకలి ఆగింది. ఆయన విగ్రహం లేని ఊరు డెల్టాలో అరుదు, అందుకు తగిన కారణం ఉంది. బదులుగా పోయిందేమిటని అడిగితే, సముద్రం నుంచి ఎదురీదుకొచ్చే పులసకు ధవళేశ్వరమే సరిహద్దయింది, ఏటా వరద తెచ్చే ఒండ్రు గట్ల మధ్యే ఉండిపోయింది. ఆకలి ముందు ఆ మార్పిడి లాభసాటిదే. నేనైనా అదే చేసేవాణ్ని.

ఆ తర్వాతి మెట్టు వరి వంగడాలది. 1925లో మొదలైన మారుటేరు వరి పరిశోధన కేంద్రం, 1967లో ఐఆర్-8 వేసి దేశమంతా పేరు తెచ్చుకున్న ఆచంట రైతు నెక్కంటి సుబ్బారావు, 1982లో విడుదలైన స్వర్ణ (ఎంటీయూ 7029). ఈ మూడూ ఒకదానికొకటి కూతవేటు దూరంలోవే. స్వర్ణ ఇక్కడి నుంచి ఒడిశా, బెంగాల్, బంగ్లాదేశ్ పొలాల దాకా పాకింది. ప్రపంచాభివృద్ధికి గోదావరి జిల్లాలు ఇచ్చింది ఏమిటంటే ముందు చెప్పాల్సింది దీన్నే. దాంతో పాటే యూరియా వచ్చింది, రెండో పంట దాళ్వా పెరిగింది, నీరు నిలిచిన మడి వదిలే మీథేన్ గురించి విదేశీ నిపుణులు పాఠాలు చెప్పడం కూడా వచ్చింది. ఏడాదికి తలసరిన భారతీయుడు వదిలే బొగ్గుపులుసు వాయువు కంటే అమెరికా పౌరుడు వదిలేది ఆరేడు రెట్లు. ఆ లెక్క ముందు పెట్టుకోకుండా ఆచంట మడిని బోనెక్కించడం అన్యాయం. అలాగని మడిలో మీథేన్ పుట్టదని వాదించడమూ తెలివి కాదు. నీళ్లు పెట్టి, ఆరగట్టి, మళ్లీ పెట్టే పద్ధతితో నీరూ ఆదా అవుతుంది, వాయువూ తగ్గుతుంది. కానీ వంతులవారీగా వదిలే కాలువ నీటి మీద బతికే శివారు రైతు చేతిలోకి నీళ్లు వచ్చిన రోజు వాటిని వదులుకోమంటే వింటాడా? మళ్లీ వంతు ఎప్పుడో, దక్కుతుందో లేదో. ఎగువ రైతుకు నచ్చజెప్పడం సులువు.

భూమి పైన వరి ఉంటే, కింద గ్యాస్. 1980ల నుంచి కృష్ణా-గోదావరి బేసిన్‌లో ఓఎన్‌జీసీ బావులు వరసగా లేచాయి. 2009 నుంచి సముద్రంలోని డీ-6 గ్యాస్ తాళ్లరేవు దగ్గర గాడిమొగలో ఒడ్డెక్కింది. 1992లో కాకినాడలో మొదలైన ఎరువుల కర్మాగారానికి ఈ బేసిన్ గ్యాసే ముడిసరుకుగా ఉండేది. కొబ్బరితోట కింది నుంచి వెళ్లిన గ్యాస్ యూరియాగా తిరిగొచ్చి పక్క మడిలో పడేది, మిగిలిన నత్రజని డ్రెయిన్‌లో కలిసేది. 1995 జనవరి 8న పాశర్లపూడి బావి పేలి 65 రోజులు మండింది. రాత్రీ పగలూ తేడా తెలియని ఆ రెండు నెలల్ని చుట్టుపక్కల ఊళ్లవాళ్లు ఇప్పటికీ తారీఖుల లెక్కన చెబుతారు. 2014 జూన్ 27 తెల్లవారుజామున నగరం అనే గ్రామంలో గెయిల్ పైపులైన్ పేలి 20 మందికి పైగా చనిపోయారు. కొండపల్లి విద్యుత్ కేంద్రానికి గ్యాస్ మోసుకెళ్లే గొట్టం అది. పొడి గ్యాస్ కోసం వేసిన లైన్‌లో తేమతో కూడిన గ్యాస్ పంపడం వల్ల లోపల తుప్పు పట్టిందని విచారణల్లో తేలింది. దేశానికి కరెంటు, ఎరువు కావాలి, కాదనలేం. కానీ ఇంటి వెనక గొట్టం ఉన్నవాడికి ఆ గొట్టం వయసెంతో చెప్పే ఏర్పాటు అప్పట్లో లేదు. అభివృద్ధి వద్దనుకున్నందుకు కాదు ఆ మనుషులు పోయింది, నిర్వహణ ఖర్చు మిగుల్చుకున్నందుకు.

ఇక రొయ్య. ఇక్కడ కొంచెం ఎక్కువసేపు ఆగాలి, ఎందుకంటే ఈ ప్రశ్న మొత్తం ఒక చెరువులో కనిపిస్తుంది.

1990ల మొదట్లో టైగర్ రొయ్య కోటీశ్వరుల్ని చేస్తుందని చెప్పుకున్నారు. కొందరిని చేసింది కూడా. 1994-95లో తెల్లమచ్చ రోగం వచ్చి చెరువులకు చెరువులే తుడిచిపెట్టుకుపోయాయి. 1996 డిసెంబరు 11న జగన్నాథ్ కేసులో సుప్రీంకోర్టు, తీరప్రాంత నియంత్రణ మండలంలో సంప్రదాయ పద్ధతులవి తప్ప రొయ్యల చెరువులు ఉండకూడదని, కాలుష్యం చేసినవాడే నష్టం కట్టాలని తీర్పునిచ్చింది. నాగపూర్‌లోని పర్యావరణ పరిశోధన సంస్థ 'నీరీ' ఇచ్చిన నివేదికను కోర్టు ముందు పెట్టుకుంది. రొయ్యల ఆర్జన కంటే అవి కలిగించిన నష్టమే ఎక్కువని ఆ నివేదిక సారం. వదిలేసిన పద్దును ఒక అధికారిక సంస్థ రాసిపెట్టిన అరుదైన సందర్భమది. తర్వాతేమైంది? 2005లో కోస్టల్ ఆక్వాకల్చర్ అథారిటీ చట్టం వచ్చి, రిజిస్ట్రేషన్ ఉన్న చెరువులకు ఆ నిషేధం నుంచి దారి చూపింది. 2009లో పసిఫిక్ తీరపు వనామీ రొయ్యకు అనుమతి దొరికింది. తల్లిరొయ్యలు విదేశాల నుంచి విమానంలో దిగుతాయి, మేతలో సోయా, చేపపొడి, తినేవాడు న్యూజెర్సీలో. మన వంతు నీళ్లు, నేల, కరెంటు, పని. ఆక్వా జోన్‌లో యూనిట్ రూపాయిన్నరకే ఇచ్చిన ఆ కరెంటు ఖర్చు కూడా చివరికి మన అందరి మీదే.

ఒక ఎకరం దగ్గరికెళ్లి చూడండి. వరి మడి పక్కన చెరువు తవ్వుతారు. తవ్విన మట్టి గట్టవుతుంది, నీరు పక్క మడి కంటే మూడు నాలుగు అడుగుల ఎత్తున నిలుస్తుంది. వనామీకి కాస్త ఉప్పదనం ఉండాలి కాబట్టి, తీరానికి దూరంగా ఉంటే బోరు వేసి లోతులోని ఉప్పునీరు తోడతారు. మొదటి ఏడాది గట్టు వారన రెండు మూడు సాళ్ల వరి ఎర్రబారుతుంది. పిలకలు రావు. రెండో ఏడాది ఆ ఎరుపు మడి మధ్యకు జరుగుతుంది. వేసవిలో నేల మీద తెల్లగా ఉప్పు తేలుతుంది. పక్క రైతు వచ్చి అడిగితే చెరువు రైతు తప్పించుకోడు, పాపం, కలుపుకుపోయే మాటే చెబుతాడు: నువ్వూ లీజుకిచ్చేయరాదా? అప్పటికి వరి కౌలుకూ చెరువు లీజుకూ తేడా చాలా ఉంటుంది. మూడో ఏడాదికి అదీ చెరువే. బలవంతం ఎవరూ చేయలేదు, సంతకాలన్నీ ఇష్టపూర్వకమే. ఈ 'ఇష్టం' ఎక్కడి నుంచి వచ్చిందో రికార్డుల్లో ఉండదు.

పట్టుబడి అయ్యాక చెరువు నీళ్లు డ్రెయిన్‌లోకి వదులుతారు. మందులూ, మేత మిగులూ, రోగం వచ్చి ఉంటే అదీ అందులోనే. దిగువ చెరువు రైతు అదే డ్రెయిన్ నుంచి నీళ్లు తోడుకుంటాడు. ఒకడి చెరువులో తెల్లమచ్చ వచ్చిందంటే వరసగా అందరికీ ఎందుకొస్తుందో దీంతో తెలిసిపోతుంది. ఎగుమతి అయిన సరుకులో యాంటీబయాటిక్ అవశేషాలు దొరికితే ఐరోపా రేవు నుంచి కంటెయినర్ వెనక్కి వస్తుంది. అక్కడి తిండివాడి ఆరోగ్యానికి పరీక్ష ఉంది. గొంతేరు, యనమదుర్రు డ్రెయిన్ల పక్కన ఉండేవాడికి ఆ స్థాయి పరీక్ష లేదు. కాలువల మధ్య పుట్టి పెరిగి, ఇరవై లీటర్ల టిన్ను కొనుక్కుని తాగడం భీమవరం, నరసాపురం చుట్టుపక్కల ఊళ్లలో ఇప్పుడెవరికీ వింత కాదు.

ఎవరు చెరువు తవ్వాలన్నది ఎవరు నిర్ణయిస్తున్నారో కూడా గమనించాలి. డెల్టాలో సాగులో ఎక్కువ భాగం కౌలు రైతులదే. భూమి యజమాని రాజమండ్రిలోనో, హైదరాబాద్‌లోనో, డల్లాస్‌లోనో ఉంటాడు. లీజుకు ఒప్పుకున్న ఫోన్ కాల్ అక్కడి నుంచే రావచ్చు. ఆ చెరువు రొయ్యే ఆయన ఫ్రీజర్లో ఉండటానికీ అవకాశం లేకపోలేదు. కౌలు పోయినవాడు, నాట్లు, కలుపుల పని పోయిన దళిత స్త్రీలు ఆ మాటల్లో ఉండరు. ఎకరం వరికి ఎన్నో చేతులు కావాలి, చెరువుకు కాపలా జంట చాలు. మిగిలినవాళ్లలో కొందరు రొయ్యలు వొలిచే షెడ్లకు, కొందరు కువైట్ ఇళ్లలో పనికి. నూరేళ్ల కిందట ఈ జిల్లాల వాళ్లే కాకినాడ రేవులో ఓడెక్కి రంగం (రంగూన్) వెళ్లి బియ్యం మిల్లుల్లో మూటలు మోశారు. కోనసీమ నుంచి గల్ఫ్ డబ్బు వచ్చి మేడలు లేస్తున్నాయి కదా అంటారు. నిజమే. ఆ మేడ కట్టించిన మనిషి ఊళ్లో ఉండటం లేదన్నదీ నిజమే.

ప్రాసెసింగ్ దగ్గర కథ ఇంకో మలుపు తిరుగుతుంది. భీమవరం దగ్గర తుందుర్రులో మెగా ఆక్వా ఫుడ్ పార్కు పెడతామంటే 2016లో తుందుర్రు, జొన్నలగరువు, కంసాలి బేతపూడి గ్రామాలు ఎదురు తిరిగాయి. గొంతేరు డ్రెయిన్‌లోకి వ్యర్థాలు వస్తే మా గతేమిటన్నది వాళ్ల ప్రశ్న. 144 సెక్షన్లు, కేసులు, అరెస్టులు నడిచాయి. కడకు ప్రభుత్వం వ్యర్థజలాలను పైపులైన్‌లో సముద్రానికి పంపుతామంది. అది పరిష్కారమో, చిరునామా మార్పో పాఠకులే చెప్పాలి. పైపు చివర ఉండేది మత్స్యకారులు. మరుసటి ఏడాది, 2017 మార్చి 30న, మొగల్తూరు దగ్గర ఒక ఆక్వా ప్లాంటులో వ్యర్థాల తొట్టి శుభ్రం చేయబోయి ఐదుగురు కుర్రాళ్లు విషవాయువుకు బలయ్యారు. తుందుర్రు భయం కట్టుకథ కాదని రుజువు కావడానికి అంత మూల్యం పడింది.

ఇక్కడొక వాదం వినిపిస్తుంది, తోసిపారేయదగ్గది కాదు: వరితో బతకలేకనే కదా రొయ్యకు వెళ్లింది? 2011 సార్వా (ఖరీఫ్)లో కోనసీమ రైతులు దాదాపు లక్ష ఎకరాలు బీడు పెట్టి పంట విరామం ప్రకటించారు. గిట్టుబాటు ధర లేదు, కూలి ఖర్చు పెరిగింది, వీటితో పాటు మురుగు కాలువలు పూడిపోయి వానకు పొలాలు రోజుల తరబడి మునుగుతున్నాయి. ప్రభుత్వం మోహన్ కందా కమిటీ వేసింది, కమిటీ నివేదిక ఇచ్చింది. 2022లో కోనసీమలో మళ్లీ పంట విరామమే. నిజానికి మురుగు సంగతి ఇంకా పాతది. 1960ల్లో మిత్రా కమిటీ కృష్ణా, గోదావరి డెల్టాల మురుగు పారుదల బాగుచేయాలంది. 1968లో డ్రైనేజీ సెస్సు చట్టమే వచ్చింది, రైతులు ఎకరానికింతని కట్టారు. అయినా గుర్రపుడెక్క, కిక్కిస అల్లుకున్న డ్రెయిన్లు, ఇసుకతో పూడిన మొగలు, అంటే నీరు సముద్రంలో కలిసే నోళ్లు. మొగ పూడితే వాన నీరు దిగదు, పోటు సమయంలో సముద్రం మాత్రం ఎగదన్నుతుంది. రాజోలు, మలికిపురం వైపు శంకరగుప్తం డ్రెయిన్ పొడుగునా చూస్తే సంగతి తెలుస్తుంది. ఉప్పు తాకిన కొబ్బరిచెట్టుకు ముందు కాయ చిన్నదవుతుంది, పిందె రాలుతుంది, తర్వాత మట్టలు వాలిపోతాయి, ఆఖరికి మొవ్వు ఊడిపడి మోడు మిగులుతుంది. నలభై యాభై ఏళ్లు కాసే చెట్టు అది. 1996 నవంబరు 6 తుపాను చెట్లను ఒక్క రాత్రిలో పడగొట్టింది, అందరూ చూశారు, పరిహారం ఇచ్చారు. డ్రెయిన్ పని నెమ్మది మీద జరుగుతుంది కాబట్టి దానికి తారీఖు లేదు, తారీఖు లేనిదానికి పరిహారపు పత్రం నింపడం ఎలాగో ఎవరికీ తెలియదు.

ఇంతవరకూ డెల్టా లోపలి లెక్క. బయటి నుంచి పడే లెక్క ఇంకా పెద్దది. నది 1,465 కిలోమీటర్లు ప్రయాణించి తెచ్చే ఒండ్రుతోనే ఈ నేల పుట్టింది, దాంతోనే నిలబడాలి. ఆంధ్ర విశ్వవిద్యాలయ భూగోళ శాస్త్రవేత్త కాకాని నాగేశ్వరరావు, ఆయన బృందం 2010లో వెలువరించిన పరిశోధన ప్రకారం 1970లలో ఏడాదికి దాదాపు 15 కోట్ల టన్నులుగా ఉన్న గోదావరి ఒండ్రు 2000-06 మధ్య 5.7 కోట్ల టన్నులకు పడిపోయింది. ఎగువన ఆనకట్టలు దాన్ని పట్టేస్తున్నాయి. 1965 నుంచి 2008 మధ్య కృష్ణా, గోదావరి డెల్టాల 336 కిలోమీటర్ల తీరం వెంట నికరంగా 76 చదరపు కిలోమీటర్ల నేల సముద్రం పాలైంది. 2009లో ప్రపంచంలోని 33 డెల్టాలను పరిశీలించిన మరో బృందం, వాటిలో ఎక్కువ భాగం కుంగుతున్నాయని, అందుకు సముద్రమట్టం పెరగడంతో పాటు ఒండ్రు ఆగిపోవడం, భూగర్భం నుంచి నీరు, చమురు, గ్యాస్ తోడేయడం కూడా కారణమని చెప్పింది. మెకాంగ్‌లో ఇదే కథ: ఎగువ దేశాల్లో ఆనకట్టలు, నదిలో ఇసుక తవ్వకం, తీరాన రొయ్యల చెరువులు, లోపలికి ఉప్పు. మనకూ ఇసుక ర్యాంపుల బాగోతం తెలియనిది కాదు. ప్రభుత్వాలు మారితే ఇసుక విధానం పేరు మారుతుంది, పడవలు మాత్రం నది అడుగు నుంచి బకెట్లతో తోడుతూనే ఉంటాయి. ఆ ఇసుక నగరాల్లో అపార్టుమెంట్లవుతుంది. ఉప్పాడలో ఇళ్లు అలల్లో కలిసినప్పుడు దానికి వాతావరణ మార్పును ఒక్కదాన్నే బాధ్యుణ్ని చేయడం మన పాలకులకు అన్నివిధాలా హాయి, ఎందుకంటే వాతావరణానికి టెండర్ పిలిచింది ఎవరో అడగక్కర్లేదు.

అయితే డెల్టా బాధితుల పక్షానే మాట్లాడుతూ పోతే నిజాయితీ కాదు. పోలవరం దగ్గర మనం ఎగువ ఆయకట్టు మనుషులమే. 2014లో జాతీయ ప్రాజెక్టుగా ప్రకటించిన ఆ ఆనకట్ట కింద లక్షకు పైగా కుటుంబాలు ఊళ్లు వదలాలి. వాళ్లలో కోయలు, కొండరెడ్లే ఎక్కువ. ఆ ముంపు కోసమే తెలంగాణ నుంచి మండలాలు ఇటు బదిలీ చేశారు. సార్వాకు నిక్కచ్చిగా నీరొస్తుందని డెల్టా, పరిశ్రమలకు నీరొస్తుందని విశాఖ ఎదురుచూస్తున్నాయి. కూనవరం, వేలేరుపాడు జనం ఏ కాలనీలో ఏం చేసి బతుకుతున్నారని డెల్టా రైతు సంఘాల సభల్లో ఎప్పుడైనా గట్టిగా చర్చకొచ్చిందా? పైగా ఆ జలాశయం కూడా ఒండ్రును పట్టేదే. కాటన్ ఆనకట్టలో పోయింది పులస, మిగిలింది తిండి. పోలవరం లెక్క అంత సూటిగా తేలదు. తేల్చాలంటే కొండల్లో పోయినదాన్ని పల్లంలో వచ్చినదాంతో కలిపి రాయాలి, అలా రాసే పుస్తకం ప్రభుత్వం దగ్గర లేదు.

కొల్లేరు సరస్సు గురించి రెండు ముక్కలు చాలు. 1999లో అభయారణ్యం, 2002లో రామ్‌సర్ గుర్తింపు, 2006లో 'ఆపరేషన్ కొల్లేరు' పేరుతో చెరువుల గట్లు పేల్చివేత, తర్వాత అవే గట్లు మెల్లగా తిరిగి లేవడం. డైనమైట్‌తో గట్టు పగిలింది గానీ చేపల చెరువు మీద వచ్చే రాబడికి బదులేమిటన్న ప్రశ్న పగల్లేదు.

ఇన్ని చూశాక మొదట చెప్పిన వాదాల దగ్గరికి వస్తే, 'ముందు సంపాదన, తర్వాత శుభ్రం' అన్నది ఈ నేల మీద నిలవదు. పొగగొట్టం మూస్తే గాలి తేటపడొచ్చు. ఉప్పు పట్టిన మడి, కోసుకుపోయిన తీరం, తెగిన ఒండ్రు ఆదాయం పెరిగినంత మాత్రాన వెనక్కి రావు. సంపాదించినవాడు శుభ్రం చేయడానికి అక్కడ ఉండడు కూడా. 'ఎదుగుదలకు హద్దు' అన్నవాళ్లు చెప్పింది నిజమైనా, నందన కరువు చూసిన జిల్లాకు ఆగమని చెప్పే హక్కు ఎవరికుంది? బ్రంట్‌లాండ్ మాట మంచిదే, ఐక్యరాజ్యసమితి 2015లో పెట్టుకున్న 17 లక్ష్యాలూ మంచివే. వాటిలో రాబోయే తరాల గురించి ఉన్నంత ఆదుర్దా కాలువకు అవతలి గట్టున ఉన్న ఇప్పటి తరం గురించి ఉంటే బాగుండేది. 2023 జులై 20న కేంద్రం తెల్లబియ్యం ఎగుమతి ఆపినప్పుడు ఇంకో సంగతి బయటపడింది. కాకినాడ రేవు నుంచి బియ్యం వెళ్లే పశ్చిమాఫ్రికా పేదలు కూడా ఒకరకంగా మన శివారే. ఇక్కడ లాకులు దించితే అక్కడ మడి ఎండింది.

పని జరిగిన చోటు కూడా ఒకటుంది, చిన్నది. కోరంగి మడ అడవులు క్షీణించిన చోట్ల స్వామినాథన్ ఫౌండేషన్ వాళ్లు 1990ల చివరి నుంచి ఊరివాళ్లతో కలిసి చేపముల్లు ఆకారంలో సన్నకాలువలు తవ్వించారు. పోటు నీరు వచ్చి పాటుకు పోయేలా చేస్తే చాలు, ఉప్పు పేరుకోదు, మొక్క నిలుస్తుంది. పారలతో అయ్యే పని. మడ పెరిగితే పీతలు, చేపపిల్లలు పెరుగుతాయి కాబట్టి దాన్ని కాపాడే ఆసక్తి ఊరికీ ఉంటుంది. ఖర్చు పెట్టినచోటే లాభం దిగడం డెల్టాలో ఇలా కొన్నిచోట్లే జరిగింది.

దీన్ని మిగతాచోట్లకు పాకించాలంటే వసూలుకూ ఖర్చుకూ మధ్య దారి వేయాలి. వరి రైతు ఎకరానికి డ్రైనేజీ సెస్సు కట్టిన జిల్లాలివి. అలాంటప్పుడు రేవు దాటే ప్రతి రొయ్యల కంటెయినర్ మీదా, బేసిన్ నుంచి తోడే ప్రతి ఘనపు మీటరు గ్యాస్ మీదా ఒక రుసుము పెట్టి, దాన్ని డ్రెయిన్ల తవ్వకానికీ, మొగల దగ్గర ఉప్పునీరు ఎగదన్నకుండా తలుపుల నిర్మాణానికీ, వదిలేసిన చెరువును మళ్లీ మడి చేసుకునే రైతుకూ కేటాయించమంటే అది గొంతెమ్మ కోరిక కాదు. అభ్యంతరం నాకు తెలుసు: ఎగుమతిదారు ఆ రుసుమును రొయ్య ధరలో కోసి రైతు మీదికి నెడతాడు, రైతు దాన్ని లీజులోనో కూలిలోనో కోస్తాడు, తిరిగితిరిగి అది మళ్లీ శివారుకే చేరుతుంది. అందుకే ధరతో పాటు ఆ రుసుమును విదేశీ కొనుగోలుదారు బిల్లులో విడిగా చూపించాలి, డబ్బు అమరావతి ఖజానాలో కలవకుండా డ్రెయిన్ వారీగా ఖాతా తెరవాలి, ఆ ఖాతా మీద సంతకం పెట్టే కమిటీలో ఎగువ ఆయకట్టు వాళ్ల కంటే మొగ దగ్గరి ఊళ్ల వాళ్లు, కౌలు రైతులు ఎక్కువమంది ఉండాలి.